ప్రకృతే అయితే ఇంత కాపలా ఎందుకు?

ఎడిటర్ గారికి,

నమస్కారం. స్త్రీ పురుష భేదాల మీద మీ సంపాదకీయ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జెండర్ (ఆడ అంటే ఇలా, మగ అంటే ఇలా ఉండాలని సమాజం నేర్పే తీరు) అనేది నాలుగు గోడల మధ్య కూర్చున్న ఫెమినిస్టులు అల్లిన సిద్ధాంతమనీ, ఒక్కసారి ఆటస్థలానికి వెళ్లి నిలబడితే ప్రకృతి ఎవరిని ఎలా పుట్టించిందో కళ్లకు కడుతుందనీ రచయిత రాశారు. నేను స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఆయన వెళ్లి నిలబడమన్న చోటే నా ఉద్యోగం. అక్కడ నాకేం కనపడుతోందో చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవగలరు.

ఆయన అన్న తేడా నాకూ కనపడుతుంది. కొత్తగా చేరిన పిల్లల చేతికి బంతి ఇచ్చి, చేతనైనంత దూరం విసరమంటాను. అబ్బాయి ఎడమ కాలు ముందుకు వేస్తాడు, నడుము వెనక్కి తిప్పుతాడు, చేతిని చెవి వెనక నుంచి తెస్తాడు. బంతి వెళ్లిపోయాక కూడా ఆ ఊపుకి ఒళ్లు ముందుకు తూలుతుంది. అమ్మాయిల్లో చాలామంది కుడిచేత్తో విసురుతూ కుడి కాలే ముందు పెడతారు, లేదంటే రెండు పాదాలూ ఉన్నచోటే ఉంచేస్తారు. నడుము తిరగదు. మోచేయి ముందుకొచ్చి, ముంజేయి ఒక్కటే ఆడుతుంది. బంతి దగ్గర్లోనే పడుతుంది. పక్కన ఎవరో కిసుక్కుమంటారు. అప్పుడు ఆ అమ్మాయి చూసేది బంతి ఎక్కడ పడిందని కాదు, తనను ఎవరు చూస్తున్నారని.

ఆ తర్వాత అబ్బాయిలను ఎడమచేత్తో విసరమంటాను. ఎడమచేతి వాటం వాళ్లయితే కుడిచేత్తో. చూడండి అప్పుడు. విసిరే చెయ్యి వైపు కాలే ముందుకొస్తుంది, నడుము బిగుసుకుపోతుంది, మోచేయి ముందుకు పొడుచుకొస్తుంది. ఇంతసేపూ నవ్విన పిల్లాడు అచ్చం ఆ అమ్మాయిలాగే విసురుతాడు. మనిషి అదే, ఎముకలు అవే, హార్మోన్లు అవే. ఆ చేతికి లేనిదల్లా ప్రాక్టీసు.

దీంతో అంతా తేలిపోయిందని నేననను. విసరడంలో తేడా నాలుగైదేళ్ల వయసుకే కనిపిస్తుందని పరిశోధకులు చెబుతారు, అది నిజం. యుక్తవయసు వచ్చాక టెస్టోస్టెరోన్ అనే హార్మోన్ వల్ల మగపిల్లల ఎత్తు, భుజాల వెడల్పు, కండ పెరుగుతాయి, అదీ నిజం. అగ్రశ్రేణి పరుగుల్లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య దాదాపు పది శాతం తేడా ఉంటుంది. షాట్‌పుట్‌లో మగవాళ్లు విసిరే ఇనుప గుండు 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. ఒంటి తేడాలు లేవని వాదించే ఉద్దేశం నాకు లేదు, నాకు తెలిసిన ఫెమినిస్టు రచయితల్లో బుద్ధిమంతులెవరూ అలా వాదించరు కూడా. నా ప్రశ్న వేరు. మనకు కంటికి కనపడే తేడాలో పుట్టుకతో వచ్చినదెంత, అలవాటుతో ఒంట్లో కూర్చున్నదెంత అని లెక్క తీయకుండానే మొత్తాన్నీ ప్రకృతి ఖాతాలో ఎందుకు వేసేస్తున్నాం?

సరిగ్గా ఈ విసరడం మీదే అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ఒక వ్యాసం ప్రచురించారు. ఎర్విన్ స్ట్రాస్ అనే మనోవైద్యుడి పరిశీలనతో ఆమె మొదలుపెడతారు. ఐదేళ్ల పాప బంతి విసిరేటప్పుడు చెయ్యి పక్కకు చాపదు, నడుము తిప్పదు, కాలు కదపదు అని స్ట్రాస్ శ్రద్ధగా రాసుకున్నారు. కారణం కోసం వెతికారు. బలం తక్కువ అనుకుందామా అంటే, బలం తక్కువైన మనిషి ఒళ్లంతా ఇంకా ఎక్కువ వాడాలి కదా. రొమ్ములు అడ్డమా అంటే, ఐదేళ్ల పాపకు అవింకా రావు. ఏ కారణమూ దొరక్క, ఆడవాళ్లకు ప్రపంచం పట్ల పుట్టుకతోనే స్త్రీసహజమైన వైఖరి ఏదో ఉందని తేల్చేశారు. యంగ్ అక్కడ ఒప్పుకోలేదు. ఆడపిల్ల తన ఒంటిని ఒకే సమయంలో రెండు విధాలుగా అనుభవిస్తుందని ఆమె వాదన. ఒకటి, పని చేసే ఒళ్లు. రెండోది, నలుగురు చూసే వస్తువు. ‘నేను చేయగలను’ అని ఒళ్లు ముందుకు ఉరకబోతుండగానే ‘చేయలేనేమో’ అన్న అనుమానం దాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే ఒక భాగం కదిలితే మిగతా ఒళ్లంతా ఆగిపోతుంది. బంతి విసిరి చుట్టూ చూసే ఆ అమ్మాయి మెడ తిరిగే తీరు గురించి ఇంత సూటిగా ఇంకెవరూ రాయగా నేను చదవలేదు. ఫెమినిస్టులు గదుల్లోంచి బయటికి చూడలేదని మీ రచయిత ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

యంగ్ వ్యాసంలో ఒక ఇబ్బంది ఉంది. దాని గురించి తర్వాత ఆమే రాశారు. మగపిల్లాడి విసురును కొలబద్దగా పెట్టుకుని ఆడపిల్లలో లోటు వెతకడం ఎంతవరకు సబబు? ఇది నాకూ రోజువారీ ప్రశ్నే. తాడాట ఆడేటప్పుడు అమ్మాయిల పాదాల లయ, ఒకరి కదలికను ఇంకొకరు పసిగట్టి అందుకునే తీరు నేను చూస్తుంటాను. వాటికి మార్కులు లేవు, పోటీలు లేవు. అబ్బాయిలు ఎక్కువగా ఆడేదే ఆట, మిగతాది కాలక్షేపం అని ఎవరు నిర్ణయించారు?

దీనికి ఒక మంచి జవాబు ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బోవా 1949లోనే ‘ది సెకండ్ సెక్స్’ అనే పుస్తకంలో ఇచ్చారు. స్త్రీ పుట్టదు, తయారవుతుంది అన్న ఆమె మాట అందరికీ తెలుసు. అదే పుస్తకంలో ఆటల గురించి ఆమె రాసింది చాలామంది పట్టించుకోరు. తక్కువ బరువు విభాగంలో గెలిచిన బాక్సర్, ఎక్కువ బరువు విభాగంలో గెలిచినవాడికి ఏమీ తీసిపోడు. అలాగే మంచు మీద స్కీయింగ్‌లో గెలిచిన స్త్రీ, తనకన్నా వేగంగా వెళ్లే మగవాడికంటే తక్కువది కాదు అంటారామె. ఎవరి ఒంటికి సాధ్యమైన దానిలో వాళ్లు పరిపూర్ణత అందుకోవడమే ఆట. తన ఒంటి మీద నమ్మకం పోయిన అమ్మాయికి మొత్తంగా తన మీదే నమ్మకం పోతుందని కూడా అక్కడే రాశారు. చెట్టెక్కనివ్వక, కలబడనివ్వక, గట్టిగా అరవనివ్వక పెంచిన పిల్ల పెద్దయ్యాక మీటింగులో చెయ్యెత్తడానికి జంకితే అది స్వభావం అనేస్తాం. జంకడం కూడా ప్రాక్టీసు వల్లే వస్తుంది.

ఇక చరిత్రకు వస్తే పత్రికల పాత్ర కూడా చెప్పాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిది మంది పరిగెత్తారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచి ప్రపంచ రికార్డు పెట్టారు. కానీ పరుగు ముగిశాక ఆయాసపడుతూ నేల మీద కూలబడ్డవాళ్లను చూపించి, ఆడవాళ్లు కుప్పకూలిపోయారనీ, కొందరు మధ్యలోనే ఆగిపోయారనీ కొన్ని పత్రికలు రాసేశాయి. ఆడ శరీరం ఇంత దూరం తట్టుకోలేదని తీర్మానమైంది. ఆ పరుగును తీసేశారు. మళ్లీ పెట్టింది 1960 రోమ్‌లో. మధ్యలో 32 ఏళ్లు. ఆడవాళ్ల మారథాన్ అయితే 1984 లాస్ ఏంజెలెస్ దాకా ఒలింపిక్స్‌లో లేనే లేదు. 800 మీటర్లు పరిగెత్తాక మగవాళ్లు కూడా కూలబడతారు. ఏ మధ్యాహ్నమైనా మా గ్రౌండ్‌కి వస్తే చూడొచ్చు. దాన్ని ఎవరూ మగ శరీరపు బలహీనత అనరు, బాగా పరిగెత్తాడు అంటారు.

ఇక్కడే నేను అడగదలచుకున్న అసలు మాట ఉంది. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1869లో అడిగిన మాటే అది. ఆడవాళ్లు స్వభావరీత్యా చేయలేని పనిని చేయొద్దని నిషేధించాల్సిన అవసరమేముంది? చేయలేకపోతే వాళ్లే ఆగిపోతారు కదా. నిషేధం ఉందంటేనే చేయగలరన్న భయం ఉందని అర్థం. స్త్రీల సహజ స్వభావం అని మనం పిలుస్తున్నది చాలావరకు కృత్రిమంగా తయారైనదేనని కూడా ఆయన రాశారు. నా ఉద్యోగంలో నేను ఎక్కువగా చూసింది ప్రకృతిని కాదు, కాపలాని. డ్రెస్ మీద, నవ్వు మీద, కాళ్లు దూరంగా పెట్టి కూర్చోవడం మీద, గొంతు మీద, ఒంటి మీద పెరిగే కండ మీద కాపలా.

ఆడవాళ్ల విభాగం అంటూ ఒకటి పెట్టుకున్నాక, అందులో ఎవరు ఆడ అని నిర్ణయించడానికి క్రీడా సంఘాలు పడిన పాట్లు చూడండి. 1966 యూరోపియన్ అథ్లెటిక్స్ పోటీల్లో క్రీడాకారిణులను డాక్టర్ల ముందు నగ్నంగా నడిపించారు. దాని మీద గొడవ కావడంతో 1968 ఒలింపిక్స్‌ నాటికి క్రోమోజోమ్ పరీక్ష తెచ్చారు. ఆ పరీక్షకు బలైన వాళ్లలో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్టినెజ్ పటీన్యో ఒకరు. 1985లో కోబేలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో ఆమె పరీక్ష ఫలితం ఎక్స్‌వై అని, అంటే సాధారణంగా మగవాళ్లలో ఉండే క్రోమోజోమ్ జత అని వచ్చింది. గాయమైనట్టు నటించి తప్పుకోమన్నారు. ఆమె ఒంట్లో టెస్టోస్టెరోన్ ఉన్నా దానికి కణాలు స్పందించవు. అంటే దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. పుట్టినప్పటి నుంచీ తనను తాను ఆడపిల్లగానే ఎరిగిన మనిషి. మరుసటి ఏడాది స్వదేశంలో మళ్లీ పరిగెత్తి గెలిచేసరికి విషయం పత్రికలకు పొక్కింది. రికార్డులు కొట్టేశారు, స్కాలర్‌షిప్ పోయింది, పెళ్లి చేసుకోబోయినవాడు వెళ్లిపోయాడు. 1988లో తిరిగి అనుమతించారు. అప్పటికే మంచి వయసు గడిచిపోయింది.

అందరికీ చేసే ఆ పరీక్షను ఒలింపిక్ కమిటీ 1999లో మానేసింది. తర్వాత టెస్టోస్టెరోన్ స్థాయి అన్నారు. ఆ నిబంధనతోనే 2014లో మన దేశపు స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను ఆపేశారు. ఆమె ఊరుకోకుండా క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది, 2015లో ఆ నిబంధనను నిలిపివేయించింది. 2018లో 400 మీటర్ల నుంచి మైలు వరకు పరుగులకు కొత్త టెస్టోస్టెరోన్ నిబంధన వచ్చింది. దాని మీద దక్షిణాఫ్రికా పరుగుల క్రీడాకారిణి కాస్టర్ సెమెన్యా పోరాడితే 2019లో అదే న్యాయస్థానం ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది. నిబంధన వివక్షతో కూడినదే, కానీ ఆడవాళ్ల విభాగాన్ని కాపాడటానికి ఆ వివక్ష అవసరం అంది. 2025లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం జన్యు పరీక్షకు వచ్చింది. ముందు కళ్లతో చూశారు, తర్వాత క్రోమోజోమ్, తర్వాత హార్మోన్, ఇప్పుడు జన్యువు. ప్రకృతి గీసిన గీత అంత స్పష్టంగా ఉంటే కొలబద్దను ఇన్నిసార్లు మార్చేవాళ్లా?

ఆడవాళ్లకు వేరే విభాగం వద్దని దీనర్థం కాదు. అది లేకపోతే నా పిల్లల్లో సగం మందికి పతకం సంగతి అటుంచి, లైన్ మీద నిలబడే అవకాశమే ఉండదు. విభాగం కావాలి. అయితే అది మనుషులు ఒక ప్రయోజనం కోసం గీసుకున్న గీత అని ఒప్పుకోవాలి. శాలీ హాస్లాంగర్ అనే తత్వవేత్త 2000లో ఈ సంగతే చర్చించారు. స్త్రీ అంటే ఏమిటి అని నిఘంటువు వెతికినట్టు వెతకడం కాదు, ఆ వర్గీకరణ మనకు ఏ పని కోసం కావాలో ముందు అడగండి అంటారామె. పరుగు పందెంలో ప్రయోజనం న్యాయమైన పోటీ. ఆస్పత్రిలో ప్రయోజనం సరైన వైద్యం. అన్నిచోట్లా ఒకే గీత పనికొస్తుందని ఎందుకు పట్టుబట్టాలి? పరుగు పందెం కోసం పెట్టుకున్న కొలతతో ఒక మనిషి మొత్తం జీవితాన్ని నువ్వు ఆడదానివి కాదు అని కొట్టిపారేసే హక్కు ఎవరిచ్చారు?

ఇక లైంగికత సంగతి. మీ రచయిత దాన్ని ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాటతో రెండు వాక్యాల్లో తేల్చేశారు, నాకు అలా తేల్చడం చేతకావడం లేదు. మా దగ్గర ఈటె విసిరే అమ్మాయి ఒకతె ఉండేది. పొడుగాటి చేతులు, చురుకైన నడుము, నేర్పింది వెంటనే పట్టేసేది. పదో తరగతిలో వెయిట్స్ మొదలుపెట్టాం. భుజాల్లో కండ కనపడటం మొదలవగానే ఇంట్లోనూ క్లాసులోనూ మాటలు మొదలయ్యాయి. మగరాయుడిలా తయారవుతోంది, రేపు ఎవడు చేసుకుంటాడు అని. ఆ అమ్మాయి ముందు వెయిట్స్ మానేసింది. తర్వాత పూర్తి చేతుల చొక్కాతో ప్రాక్టీసుకు రావడం మొదలుపెట్టింది. తర్వాత రావడమే మానేసింది. ప్రకృతి ఆమెకు ఆ భుజాలు ఇచ్చింది. వాటిని వద్దనిపించింది మాత్రం మనుషులే. ఎవరో రేపు చూసి ఇష్టపడాల్సిన వస్తువుగా తన ఒంటిని తాను చూసుకోవడం ఆమెకు ఆ ఏడాదిలో నేర్పారు. జెండర్ వేరు, లైంగికత వేరు అని పుస్తకాల్లో విడదీస్తారు, చర్చకు అది అవసరం కూడా. కానీ ఆ అమ్మాయి భుజాల దగ్గర రెండూ ఒక్కటైపోయాయి. ‘ఆడతనం’ అంటే మగవాడికి నచ్చేట్టు ఉండటం అని ఒకే దెబ్బకు రెండూ నేర్పారు.

ఇంకో సంగతి, ఇక్కడ పేర్లూ సంవత్సరాలూ చెప్పను. ఒకే టీమ్‌లోని ఇద్దరు అమ్మాయిలు మరీ దగ్గరగా ఉంటున్నారని ఫిర్యాదు వచ్చింది. ఇద్దర్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. ఒకమ్మాయిని డాక్టర్‌కు చూపించాలన్నారు. ఏ జబ్బుకు అని నేనడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు లేదు కాబట్టి. అమెరికన్ మనోవైద్యుల సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి 1973లో తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. అసలు అది జబ్బుల జాబితాలోకి ఎలా ఎక్కిందో ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో 1976లో రాశారు. అంతకుముందు ఒక పనిగా, తప్పుగా చూసినదాన్ని 19వ శతాబ్దపు వైద్యులు ఒక మనిషి రకంగా మార్చేశారంటారాయన. అప్పటి నుంచి ఆ మనిషి బాల్యం, నడక, ముఖం అన్నీ దర్యాప్తుకు వచ్చాయి. ఆ గదుల్లో జరిగింది అలాంటి దర్యాప్తే. వాళ్లు ఏం చేశారన్నది పక్కకు పోయి, వాళ్లు ఎలాంటివాళ్లన్నది ముందుకొచ్చింది. ఇద్దరూ పదహారేళ్ల పిల్లలు. వాళ్ల మధ్య ఉన్నది స్నేహమా, ప్రేమా వాళ్లకే ఇంకా తెలియకపోవచ్చు. తెలుసుకునే వ్యవధి వాళ్లకు ఇవ్వలేదు.

అమెరికన్ కవి ఏడ్రియన్ రిచ్ 1980లో ఈ ప్రశ్నను తిరగేసి అడిగారు. కొందరు ఆడవాళ్లు ఆడవాళ్లను ఎందుకు ప్రేమిస్తారు అని కాదు. ఆడవాళ్లంతా సహజంగా మగవాళ్ల వైపే మొగ్గుతారన్నది నిజమైతే, అటు నెట్టడానికి ఇంత బలవంతం, ఇంత బెదిరింపు, ఇంత ప్రచారం ఎందుకు కావలసి వస్తోంది? మిల్ పని గురించి అడిగిన మాటనే ఆమె ప్రేమ గురించి అడిగినట్టయింది. ఆమె వాదన మొత్తం నేను ఒప్పుకోను. మగవాళ్లను ప్రేమించే స్త్రీలందరూ బలవంతం మీదే ప్రేమిస్తున్నారన్న ధ్వని అందులో వినిపిస్తుంది, అది నిజం కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాట వాడే హక్కు ఎవరికీ లేదనే నా అభిప్రాయం.

అమెరికన్ తత్వవేత్త జూడిత్ బట్లర్ గురించి మీ వ్యాసంలో ఉన్న ఒక్క వాక్యమూ పొరపాటే. జెండర్‌ను పొద్దున లేచి చొక్కా ఎంచుకున్నట్టు ఎంచుకోవచ్చని బట్లర్ 1990లో అనలేదు. అలా అర్థం చేసుకున్నవాళ్లకు 1993లో ఇంకో పుస్తకంలో వివరంగా జవాబిచ్చారు. ఆ వాదన దాదాపు దానికి ఎదురు. ఒకే రకమైన చేష్టలను ఏళ్ల తరబడి, తప్పితే శిక్ష పడుతుందన్న భయంతో, మళ్లీ మళ్లీ చేయగా చేయగా అది లోపలి నుంచి సహజంగా వచ్చినట్టు కనపడుతుంది. డ్రిల్ చేయించే ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. మంచి స్టార్ట్ తీసుకునే స్ప్రింటర్‌ను చూసి పుట్టుకతో వచ్చిందంటారు జనం. ఆ పిల్ల ఎన్నిసార్లు బ్లాకుల మీద మోకాళ్లు గీసుకుందో కోచ్‌కు తెలుసు.

మీ పత్రికకు రెండు విన్నపాలు. ఆటల పేజీలో ఆడపిల్ల బాగా ఆడితే ‘మగవాళ్లకు దీటుగా’ అని రాయడం ఆపండి. ఎంత దూరం విసిరింది, ఎంత టైంలో పరిగెత్తింది అని రాస్తే చాలు, మా పిల్లలు ఆ అంకెలు కత్తిరించి దాచుకుంటారు. రెండోది, ఏ క్రీడాకారిణి మీదైనా లింగ నిర్ధారణ పరీక్ష వార్త వచ్చినప్పుడు ఆమె ఫొటో పక్కన ప్రశ్నార్థకం పెట్టి వేయకండి. పరీక్ష వివరాలు ఆమె వైద్య రహస్యం. పటీన్యో విషయంలో జరిగిన నష్టంలో సగం పరీక్షతో కాదు, పత్రికలకు పొక్కడంతోనే జరిగింది.

వ్యాసకర్త గారికి నామీద కోపం రాకూడదు. ఆయన ఆటస్థలాన్ని సాక్ష్యానికి పిలిచారు కాబట్టే నేను ఇంత రాశాను. ఎడమచేతి పరీక్ష ఆయన స్వయంగా చేసి చూసి, ఏం కనపడిందో మీ పత్రికలోనే రాస్తే చదవాలని ఉంది.

నా పేరు, స్కూలు పేరు ప్రచురించవద్దని మనవి. నేను చెప్పిన పిల్లలను దాన్నిబట్టి గుర్తుపట్టే వీలుంది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు